విడిగా ఉన్నన్నాళ్లూ

పెళ్లికి ముహూర్తం ఉంటుంది, విడాకులకు డిక్రీ తేదీ ఉంటుంది. ఈ రెంటికీ నడుమ, ఆలుమగలు చెరో ఇంట్లో ఉంటూ చట్టం దృష్టిలో ఇంకా ఆలుమగలుగానే మిగిలే కాలం ఒకటుంది. అది ఏ రోజు మొదలైందో ఎవరూ రాసిపెట్టుకోరు. "పుట్టింట్లో ఉంటోంది", "కొన్నాళ్లు విడిగా ఉంటున్నారు", "ఏవో మాటపట్టింపులు, సర్దుకుంటారులే" అని చుట్టాలు చెప్పుకుంటారు. ఆ కొన్నాళ్లు ఏడాదవుతుంది, మూడేళ్లవుతుంది. ఈలోగా ఇంటి లోను కిస్తీ ప్రతినెలా కట్టాల్సిందే. పిల్లవాడి ఫీజు టర్ము మొదలయ్యేసరికి స్కూలువాళ్లు అడుగుతారు. ప్రీమియం గడువు దాటితే పాలసీ ఆగిపోతుంది. కలిసి ఉండాలా విడిపోవాలా అన్నది తేలకపోయినా, ఎవరు ఏది కట్టాలన్నది ఆ నెలలోనే తేలాలి.

బ్యాంకులో ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి ఈ కాలాన్ని కౌంటరు వెనక నుంచి చూశాను. ఇంకా కోర్టు గుమ్మం తొక్కనివాళ్లు ముందు బ్యాంకుకే వస్తారు. పాసుబుక్కు ప్రింటు వేయించుకుని, అది చూస్తూ అక్కడే బెంచీ మీద కూలబడతారు. ఖాతా ఇద్దరి పేరా ఉంటుంది. ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకోవచ్చని ఖాతా తెరిచిన రోజే సంతకాలు పెట్టి ఉంటారు, ఆ రోజుల్లో అది సౌకర్యం. రెండోవాళ్లు నిన్ననో మొన్ననో వచ్చి సొమ్మంతా ఊడ్చుకెళ్లి ఉంటారు. "నా జీతం కూడా అందులోనే పడుతుంది మేడం, నన్నడక్కుండా ఎలా ఇచ్చారు?" అని నిలదీస్తారు. ఇవ్వక తప్పదు, వాళ్లిచ్చిన అధికారమే అది. ఇద్దరిలో ఏ ఒక్కరైనా ముందుగా వచ్చి ఒక ఉత్తరం రాసిస్తే, సాధారణంగా ఆ ఏర్పాటు ఆగిపోతుంది, అక్కణ్నుంచి ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదులుతుంది. నాలుగు వాక్యాల ఉత్తరం. విడిగా ఉండటం మొదలైన వారంలో అది ఎవరికీ తట్టదు. తట్టినవాళ్లకు కూడా "మరీ అంతదాకా వెళ్లాలా" అనిపిస్తుంది. లాకరుదీ ఇదే కథ, కాకపోతే లాకర్లో ఏముండేదో బ్యాంకుకు కూడా తెలియదు.

ఇంటి లోను ఇంకా పెద్ద చిక్కు. ఒక టీచరమ్మ స్కూటీ కొనుక్కోడానికి లోను అడిగింది. మంచి జీతం, ప్రభుత్వ ఉద్యోగం. దరఖాస్తు వెనక్కి వచ్చింది. తను ఎప్పుడో వదిలేసి వచ్చిన ఫ్లాటు మీద కిస్తీలు వరసగా తప్పి ఉన్నాయి, ఆ లోనులో ఆమె కూడా బాకీదారు. "ఆయనే కట్టుకుంటానన్నాడండీ, ఫ్లాటు కూడా ఆయనకే వదిలేశాను" అంది. వాళ్లిద్దరూ ఏమనుకున్నా బ్యాంకుకు ఇద్దరూ బాకీదారులే. ఒకరు కట్టకపోతే రెండోవారిని అడిగే హక్కు బ్యాంకుకుంది. తొంభై రోజులు దాటితే అది మొండిబాకీ లెక్కలోకి వెళ్తుంది, ఇద్దరి సిబిల్ స్కోరూ ఒకేసారి కింద పడుతుంది. ఆమె ఆ ఇంటి గడప తొక్కి చాలాకాలమైంది, ఆ ఇంటి అప్పు మాత్రం ఆమెను వదల్లేదు. ఫ్లాటు ఒకరికి వదిలేయాలనుకుంటే, ముందు బ్యాంకుకు వెళ్లి లోనును ఒక్కరి పేరుకు మార్పించుకోవాలి, లేదా అమ్మి బాకీ తీర్చాలి. బ్యాంకు ఒప్పుకోనంతవరకు ఆలుమగల మధ్య మాటకు బయట విలువ లేదు.

ఎంత సామరస్యంగా విడిపోదామనుకున్నవాళ్లకైనా ఈ నడిమికాలం తప్పదు, ఎందుకంటే దాన్ని చట్టమే పెట్టింది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలోకి 1976లో చేర్చిన 13బి సెక్షను కింద, ఇద్దరి ఇష్టంతో విడాకులు కావాలంటే పిటిషను వేసేనాటికే ఏడాదిపాటు విడిగా ఉండి ఉండాలి. వేశాక మరో ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే ఈ ఆరు నెలలూ కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా అది అందరికీ దొరికే మినహాయింపు కాదు. విడిగా ఉండటమంటే వేర్వేరు ఇళ్లలోనే ఉండాలని లేదు, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే చాలని 1991లోనే ఆ కోర్టు చెప్పింది. ఆ తీర్పులోనే మరో మాట ఉంది: డిక్రీ ఇచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా తమ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి మొదటి పిటిషను నాడే మొత్తం సొమ్ము ఇచ్చేసినవాళ్లూ, మొత్తం హక్కులు వదిలేసినవాళ్లూ మధ్యలో చిక్కుకుపోయే ప్రమాదముంది. తెలిసిన వకీళ్లు అందుకే సొమ్మును విడతలు చేస్తారు. పిటిషను వేసిన రోజున కొంత, డిక్రీ రోజున జడ్జిగారి ఎదుట డీడీ రూపంలో మిగతాది, బంగారం జాబితా ప్రకారం అప్పగింత, అన్నీ రికార్డులోకి ఎక్కిస్తారు.

ఆ దశకు చేరేలోపు మనవాళ్లు చేసే పని ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా భయం వేసేది దానికే. పెద్దమనుషుల్లో కూర్చుని రాసుకునే కాగితం.

మా పిన్ని కూతురు తెనాలి నుంచి ఫోన్ చేసింది. "అక్కా, పిల్లదాని సంగతి తేలిపోయింది. కాగితం కూడా రాసేసుకున్నారు. నువ్వొకసారి చూసిపెడితే నా మనసు కుదుటపడుతుంది" అంది. వెళ్లాను. వంద రూపాయల స్టాంపు కాగితం, దాని వెనక ఇంకో రెండు తెల్లకాగితాలు. ఇరువైపుల పెద్దల సంతకాలు, అడుగున నోటరీ ముద్ర, ఎర్రటి సీలు. కోర్టు బయట డాక్యుమెంట్ రైటరు టైపు చేసిన భాష. "మేమిరువురము ఎవరి ఒత్తిడి లేకుండా ఇష్టపూర్వకముగా నేటి నుండి విడిగా జీవించుటకు అంగీకరించినాము. నేటితో మా వివాహబంధము రద్దయినది. ఒకరిపై ఒకరము భరణము కోరము. ఏ కోర్టులో గాని పోలీసు స్టేషనులో గాని కేసులు వేసుకొనము. బంగారము, సామాను ఎవరివి వారికి ముట్టినవి. బాబు తల్లి వద్ద పెరుగును."

"ఇంక నాకు ఏ గొడవా లేనట్టే కదా పెద్దమ్మా?" అని ఆ పిల్ల అడిగింది. పక్కన కొడుకు బొమ్మ బస్సు తోసుకుంటూ ఆడుకుంటున్నాడు.

ఆ కాగితంలో ఒక్కో వాక్యం తీసి చెప్పాల్సి వచ్చింది. హిందూ వివాహం నోటరీ ముద్రతో రద్దు కాదు. కులాచారంగా విడాకులిచ్చే పద్ధతి తమలో ఉందని కోర్టులో రుజువు చేసుకోగలిగినవాళ్లను మినహాయిస్తే, మిగతా అందరికీ కోర్టు డిక్రీయే శరణ్యం. ఈ కాగితాన్ని నమ్మి ఇద్దరిలో ఎవరైనా మళ్లీ పెళ్లి చేసుకుంటే అది ద్విభార్యత్వమో ద్విభర్తృత్వమో అవుతుంది, ఏడేళ్లదాకా జైలు పడగల నేరం. కేసులు వేసుకోమన్న మాట కూడా నిలవదు. కోర్టుకెళ్లే హక్కును పూర్తిగా మూసేసే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. భరణం కోరనని రాసిచ్చినా ఆ హక్కు పోదని, అలాంటి ఒప్పందం ప్రజావిధానానికి విరుద్ధమని 2013లో సుప్రీంకోర్టు తీర్పుంది. బిడ్డ పోషణ సంగతైతే తల్లి వదులుకోవడానికి అది తల్లి సొత్తు కాదు, బిడ్డది.

ఇంతవరకు ఆ కాగితం ఉత్త కాగితమే, పోనీలే అనుకోవచ్చు. మొదటి వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా ప్రాణం ఉసూరుమంది. భార్యాబిడ్డల మనోవర్తికి మనకు ఎక్కువగా తెలిసినది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125 సెక్షను. 2024 జులై 1 నుంచి కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 144వ సెక్షను అయింది, సారం మారలేదు. దాని నాలుగో ఉపసెక్షనులో ఒక మాట ఉంది: పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు ఈ సెక్షను కింద మనోవర్తి రాదు. విడాకులు అయిపోయిన భార్యకు ఈ అడ్డంకి వర్తించదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆ అడ్డంకి నిలిచేది పెళ్లి మిగిలే ఉన్న ఈ నడిమికాలంలోనే. మర్యాదగా ఉంటుందని, ఎవరి మీదా నింద పడకూడదని "ఇష్టపూర్వకముగా" అని రాయించారు ఆ పెద్దమనుషులు. రేపు ఆ పిల్ల మనోవర్తి కోసం వెళ్తే ఎదుటి వకీలు మొట్టమొదట పట్టుకునేది ఆ ముక్కనే. వేరే దారులు మూసుకుపోవు, గృహహింస చట్టముంది, హిందూ వివాహ చట్టం 24వ సెక్షను ఉంది, 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం ఉంది. కానీ అన్నిటికన్నా సులువైన, పేదవాళ్లకు అందుబాటులో ఉన్న దారికి ఆమె తన సంతకంతోనే కంచె వేసుకుంది. ఆ కాగితం ఆమెకిచ్చినది ఏమీ లేదు. ఆమె దగ్గర్నుంచి తీసుకోగలిగినంత తీసుకుంది.

అలాగని విడిగా ఉండేటప్పుడు కాగితమే వద్దని నేను అనను, రాసుకోవాలనే అంటాను. విడిగా బతికే ఒప్పందం మన చట్టాలకు తెలియనిదేమీ కాదు. ఆదాయపు పన్ను చట్టంలో దాని ప్రస్తావన ఉంది. మామూలుగా భర్త భార్య పేర ఉచితంగా ఆస్తి పెడితే దానిమీద వచ్చే ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలిపి పన్ను వేస్తారు, భార్య భర్తకు పెట్టినా అంతే. విడిగా బతకడానికి చేసుకున్న ఒప్పందంలో భాగంగా ఆస్తి మారితే అలా కలపరు. పన్ను వేసే చట్టమే గుర్తించిన ఒప్పందం రాసుకోవడానికి మన ఇళ్లలో ఎందుకింత జంకు?

నాకు తోచిన కారణం చెబుతాను. పెళ్లి మాటల్లో డబ్బు మాట్లాడటం మనకు పద్ధతి. కట్నమెంత, ఆడపడుచు లాంఛనమెంత, బంగారం ఎన్ని కాసులు, పసుపు కుంకుమ కింద ఏ పొలం, అన్నీ ఇరువైపుల పెద్దలు కూర్చుని గంటలకొద్దీ బేరమాడతారు. అదంతా శుభకార్యం కిందకే వస్తుంది. అదే అమ్మాయి కాపురం చెదిరి పుట్టింటికి వచ్చి "నాకు నెలకింత పంపండి, నా నగలు నాకివ్వండి" అంటే డబ్బు మనిషి అయిపోతుంది. అబ్బాయి "ఇప్పటిదాకా కట్టిన కిస్తీల లెక్క రాసుకుందాం" అంటే రాయిగుండెవాడు అయిపోతాడు. లెక్క అడిగితే కలిసే ఆశ చచ్చిపోతుందని ఇంట్లోవాళ్ల భయం. నేను చూసినంతలో మాత్రం అది తారుమారు. లెక్క తేలని చోటే అనుమానాలు పెరిగాయి. ఎవరికెంత ముట్టాలో స్పష్టంగా రాసుకుని, నెలనెలా మాట తప్పకుండా నడుచుకున్న జంటల్లో కొందరు మళ్లీ కలిశారు, కలవనివాళ్లు పిల్లల పుట్టినరోజుకు ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగారు.

బంగారం సంగతి విడిగా చెప్పుకోవాలి. తెలుగువాళ్ల ఇళ్లలో ఆడపిల్ల ఆస్తి అంటే చాలామందికి బంగారమే. తెనాలి కాగితంలో "ఎవరివి వారికి ముట్టినవి" అని ఉంది కదా, ఏవి ముట్టినట్టు? అడిగితే చంద్రహారం, రెండు జతల గాజులు ఇచ్చారని, వడ్డాణం తాకట్టులో ఉందని, నల్లపూసల గొలుసు అత్తగారి దగ్గరే ఉండిపోయిందని అమ్మాయి చెప్పింది. ఒక్కటీ రాతలో లేదు. పెళ్లిలో ఇచ్చిన కానుకలకు జాబితా రాసి ఇరువైపులా సంతకాలు చేయాలని 1985లో కేంద్రం నిబంధనలు చేసింది. అలా రాసిన ఇల్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. ఆ జాబితా ఉంటే సగం గొడవలు పుట్టేవి కావు. లేనివాళ్లు పెళ్లి ఫోటోలు, నగల దుకాణం బిల్లులు, తాకట్టు రశీదులు ఇప్పుడైనా ఒకచోట చేర్చి, ఏ వస్తువు ఎన్ని గ్రాములు, ఎవరి దగ్గర ఉంది అని రాసుకోవాలి.

చట్టం ఈ విషయంలో స్త్రీ పక్షాన గట్టిగా నిలబడింది. స్త్రీధనం పూర్తిగా ఆమెదేననీ, భర్త చేతికో అత్తగారి చేతికో దాచమని ఇచ్చినంత మాత్రాన వాళ్లది కాదనీ, తిరిగివ్వకపోతే నమ్మకద్రోహ నేరం అవుతుందనీ 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, పెళ్లినాడు పుట్టింటివారు పెట్టిన 89 సవర్ల బంగారం పోగొట్టుకున్న భార్యకు 25 లక్షల రూపాయలు ఇవ్వమంది. అదే సంవత్సరం మన తెలంగాణ కేసొకటి అక్కడికి చేరింది. 1999లో కూతురి పెళ్లికి తండ్రి 40 కాసుల బంగారం పెట్టాడు. జంట అమెరికాలో కాపురం చేసి, అక్కడే విడాకులు తీసుకుంది, ఆస్తుల లెక్కలన్నీ విడిపోయేటప్పుడే ఒప్పందంగా రాసుకుని తేల్చుకుంది. తర్వాత కొన్నేళ్లకు తండ్రి, ఆ బంగారం తిరిగివ్వలేదంటూ కూతురి మాజీ అత్తమామల మీద 2021లో కేసు పెట్టాడు. కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ బంగారం కూతురిది, ఆమె అధికారమివ్వకుండా అడిగే హక్కు కన్నతండ్రికైనా లేదంది. నాకు ఈ తీర్పులో రెండు సంగతులు కనబడతాయి. పుట్టింటివాళ్లు "మా బంగారం" అనడం మానాలి. ఆ ఆలుమగలు రాసుకున్న ఒప్పందం ఏళ్ల తర్వాత ఇద్దరు వృద్ధులకు రక్షణగా నిలిచింది.

విడిగా ఉన్న కాలంలో మనం అసలు తలచుకోనిది చావు. పెళ్లి రద్దు కానంతవరకు భార్య భార్యే, వారసురాలే. వీలునామా లేకుండా భర్త పోతే అతని తల్లి, భార్య, పిల్లలు ఒకే వరసలో సమానంగా వారసులు. భార్య పోతే పిల్లలతో పాటు భర్తకూ వాటా వస్తుంది, పదేళ్లుగా మొహం చూడకపోయినా సరే. కోర్టు నుంచి న్యాయిక వేర్పాటు డిక్రీ తెచ్చుకున్నా పెళ్లి నిలిచే ఉంటుంది. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న తల్లి ఒకవైపు, ఏళ్ల క్రితం వెళ్లిపోయిన కోడలు మరోవైపు, మధ్యలో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ రశీదు. అలాంటప్పుడు ఎవరి మొహం చూసి మాట్లాడాలో తెలిసేది కాదు. విడిగా ఉండటం మొదలయ్యాక నామినేషన్లన్నీ ఒకసారి తిరగేసి చూసుకోవాలి. నామినీ అయినంత మాత్రాన డబ్బుకు యజమాని కారని, చాలా సందర్భాల్లో వారసుల తరఫున అందుకునేవారు మాత్రమేనని కూడా తెలుసుకోవాలి. తనవాళ్లకు ఏమి చెందాలో స్పష్టత కావాలంటే వీలునామా రాయాలి. అన్నీ మార్చుకోవడం మాత్రం కుదరదు. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాబిడ్డల పేర తీసుకున్న పాలసీ వాళ్లకోసం పెట్టిన ట్రస్టు. విడిపోయిన కోపంతో భర్త దాన్ని వెనక్కి తీసుకోలేడు.

మగవాళ్లకూ ఈ కాలంలో నష్టం జరుగుతుంది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. చాలామంది భర్తలు నిజంగానే డబ్బు పంపుతారు, కాకపోతే మామగారి చేతికి నగదుగానో, పిల్లవాడి చేతికి కవరులోనో. రెండేళ్ల తర్వాత కేసు వాయిదాకు వచ్చినప్పుడు "ఒక్క రూపాయి పంపలేదు" అన్న ఆరోపణకు చూపించడానికి కాగితం ముక్క ఉండదు. ప్రతి రూపాయి బ్యాంకు ద్వారా వెళ్లాలి, దేనికోసమో అక్కడే ఒక మాట రాయాలి. తాత్కాలిక భరణం భార్యే కాదు, ఆదాయం లేని భర్త కూడా అడగవచ్చని హిందూ వివాహ చట్టం 24వ సెక్షను చెబుతోంది. ఇల్లు ఎవరి పేర ఉందన్న దాంతో భార్య ఉండే హక్కు ఆగిపోదని కూడా మగవాళ్లూ వాళ్ల తల్లిదండ్రులూ తెలుసుకోవాలి. కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేర ఉన్నా గృహహింస చట్టం కింద ఆమె అందులో నివాసం కోరవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నివాసం వేరు, యాజమాన్యం వేరు. మన దేశంలో పెళ్లయినంత మాత్రాన సంపాదన ఉమ్మడి ఆస్తి కాదు. ఎవరి పేర ఉంటే వారిదే. అందుకే ఇద్దరి జీతాలతో కొని ఒకరి పేరనే రిజిస్టరు చేసిన ప్లాటు దగ్గర రెండోవాళ్లు, వాళ్లు ఆడవాళ్లయినా మగవాళ్లయినా, తాము కట్టిన డబ్బుకు బ్యాంకు రుజువులు దాచుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెక్కలు వేరు. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో పెళ్లయ్యాక సంపాదించినది మామూలుగా ఇద్దరిదీ. కాలిఫోర్నియాలో విడిపోయిన తేదీ తర్వాత సంపాదన ఎవరిది వారిదే కాబట్టి ఆ తేదీ ఎప్పుడన్న దానిమీదే పెద్ద పెద్ద వాదాలు నడుస్తాయి. టెక్సాస్‌లో చట్టబద్ధమైన వేర్పాటు అన్నదే లేదు. హెచ్-4 వీసా మీద ఉన్న భార్యకు విడాకుల డిక్రీతో ఆ హోదా పోతుంది, కాబట్టి డిక్రీకి ముందే తన దారి తాను చూసుకోవాలి. అక్కడి డిక్రీ తెచ్చుకుంటే ఇక్కడ అయిపోయినట్టేనని అనుకోకూడదు. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒకాయన అమెరికాలో మిస్సోరి రాష్ట్రపు కోర్టులో విడాకుల డిక్రీ తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అమెరికా డిక్రీలతో ఇక్కడికి వచ్చే జంటలకు నేటికీ ఆ తీర్పే గీటురాయి.

మరి కాగితం ఎలా ఉండాలి? ముందు నిజాలు బయటపెట్టాలి. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఖర్చులు, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంగా దాఖలు చేయాలని నమూనాతో సహా చెప్పింది. కోర్టుకు వెళ్లకపోయినా ఆ నమూనా తెప్పించుకుని ఇద్దరూ నింపితే సగం పని అయినట్టే. అప్పుడే నెలకెంత, ఏ తేదీలోపు, ఏ ఖాతాలో పడాలో రాయగలుగుతారు. కిస్తీ ఎవరు కడతారు, తప్పితే ఏమవుతుంది అన్నది రాయాలి. బిడ్డ ఫీజు, వైద్యం, సెలవుల్లో ఎవరి దగ్గర ఉంటాడు అన్నవి రాయాలి. కూతురి పేర సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే అది ఆ పిల్ల సొమ్మని, దాన్ని ఈ లెక్కల్లోకి లాగబోమని రాయాలి. నగల జాబితా జతచేయాలి. ఏ కారణంవల్ల విడిగా ఉండాల్సి వస్తోందో ఉన్నదున్నట్టు, నిందలు లేకుండా రాయాలి. ఏ హక్కునూ వదులుకోవడం లేదని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. నోటరీ ముద్రకన్నా లోక్ అదాలత్ ముందు కుదుర్చుకున్న రాజీకి బలమెక్కువ. భరణం, ఖర్చులు, వస్తువుల అప్పగింత లాంటివి అక్కడ అవార్డుగా నమోదైతే దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, మాట తప్పితే అమలు చేయించుకోవచ్చు. నేను చెప్పినవన్నీ హిందూ వివాహ చట్టం వర్తించేవాళ్లకు. ముస్లిములకు, క్రైస్తవులకు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లిచేసుకున్నవాళ్లకు చట్టాలు వేరుగా ఉన్నాయి, వాళ్లు తమ చట్టం తెలిసిన వకీలునే అడగాలి.

తెనాలి కాగితాన్ని ఆ పిల్ల ఒక వకీలమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. కొత్తగా రాసిన ఒప్పందంలో వడ్డాణం విడిపించి ఇవ్వడానికి గడువు తేదీ ఉంది, బాబు పేర నెలనెలా పడే సొమ్ముంది, "ఇష్టపూర్వకముగా" అన్న ముక్క లేదు. అబ్బాయి తరఫువాళ్లు మొదట మొరాయించారు. రాతలో తమకు కూడా రక్షణ ఉందని తెలిశాక సంతకం పెట్టారు.

వకీలు ఫీజుకు వెనకాడేవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. పెద్దమనుషులు ఎంత మంచివాళ్లయినా, ఎంత తొందరపెట్టినా, ఆ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టేముందు అక్కడికి ఒకసారి వెళ్లి చూపించుకోండి.